గుంపు అంచున నిలబడటం నేర్పిన తరగతి: 14 వారాల అనుభవంపై ఒక తల్లి సమీక్ష

మా అబ్బాయికి 14 ఏళ్లు. ఎవరితోనూ గొడవపడడు, ఎవరినీ నొప్పించడు, అయినా విరామ సమయంలో వాడి పక్కన ఎవరూ ఉండరు. బడి నుంచి ఏనాడూ ఫిర్యాదు రాలేదు కనుక ఇదొక సమస్య అని గుర్తించడానికి మాకు దాదాపు రెండేళ్లు పట్టింది. జట్లు కట్టమన్నప్పుడల్లా చివరికి తానొక్కడే మిగిలిపోతున్నానని, ఉపాధ్యాయులు ఏదో ఒక జట్టులో చేర్చితే అక్కడ మౌనంగా కూర్చొని వస్తున్నానని, విరామమంతా గ్రంథాలయంలో గడపడం పుస్తకాల మీది ఇష్టంతో కాదని, వెళ్లడానికి మరో చోటు లేకనేనని ఒక రాత్రి వాడే చెప్పాడు. ఆ తర్వాత చాలా వెతికి, టీనేజ్ పిల్లలకు నలుగురితో కలవడం, స్నేహం నిలుపుకోవడం, అభిప్రాయభేదం వచ్చినప్పుడు అది తగాదాగా ముదరకుండా చూసుకోవడం నేర్పే ఒక తరగతిలో చేర్పించాం. అది వారానికి ఒకసారి, 90 నిమిషాల చొప్పున, 14 వారాలు సాగింది. ముగిసి నాలుగు నెలలు దాటింది కనుక, మొదటి ఉత్సాహం తగ్గాక మిగిలిందేమిటో ఇప్పుడు చెప్పగలను. కొన్ని విషయాల్లో నాకు గట్టి అభ్యంతరాలు ఉన్నందువల్ల నిర్వాహకుల పేరు రాయడం లేదు. ఇలాంటి తరగతి కోసం చూస్తున్న తల్లిదండ్రులకు అసలు తెలియవలసింది లోపల ఏం నేర్పుతారు, ఎలా నేర్పుతారు అన్నదే కదా.

చేర్చుకునే ముందు జరిగిన సమావేశంతోనే నాకు కొంత నమ్మకం కలిగింది. శిక్షకురాలు మమ్మల్ని బయట కూర్చోబెట్టి, అబ్బాయి ఒక్కడితోనే 40 నిమిషాలు మాట్లాడారు. "స్నేహితులు కావాలని నీకుందా, మీ అమ్మానాన్నలకుందా?" అన్నదే ఆమె అడిగిన మొదటి ప్రశ్న అట. కొంతసేపు ఆలోచించి "నాకే" అన్నాడట. ఆ మాట పిల్లల నోటి నుంచి రాకపోతే ఆ విడతలో చేర్చుకోరు. ఆ తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచి, తోటిపిల్లలు వీణ్ని కావాలని దూరం పెడుతున్నారా, లేక వీడొకడు ఉన్నాడన్న ఊసే వాళ్లకు లేదా అని అడిగారు. ఈ రెండింటికీ తేడా ఉంటుందని నేనెన్నడూ ఆలోచించలేదు. తోటివారి మధ్య పిల్లల స్థానాన్ని పరిశీలించిన జాన్ కోయీ, కెనెత్ డాడ్జ్ బృందం 1982లోనే ఈ తేడాను స్పష్టంగా చూపించింది: తోటివాళ్లలో ఎక్కువమంది ఇష్టపడని పిల్లలు వేరు, ఎవరూ ఇష్టపడనూ లేదు, అయిష్టపడనూ లేదు అన్నట్టు ఎవరి లెక్కలోకీ రాని పిల్లలు వేరు. మొదటి రకం పిల్లలకు ఏదో ఒకటి మానడం నేర్పాలి, రెండో రకం పిల్లలకు ఏదో ఒకటి మొదలుపెట్టడం నేర్పాలి. మావాడు రెండో రకం. ఈ తేడా చూడకుండా అందరికీ ఒకే ఉపన్యాసం ఇచ్చే చోట్లను అంతకు ముందే రెండింటిని చూసి వచ్చాం కనుక ఈ ప్రశ్న విలువ నాకు వెంటనే అర్థమైంది.

ఈ తరగతి నడిచే పద్ధతి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ లాగెసన్, ఫ్రెడ్ ఫ్రాంకెల్ రూపొందించిన 'పీర్స్' అనే కార్యక్రమాన్ని పోలి ఉంటుంది. అక్కడా వారం వారం 90 నిమిషాలే, అక్కడా పిల్లలు ఒక గదిలో ఉంటే అదే సమయంలో తల్లిదండ్రులు మరో గదిలో పాఠం వింటారు. ఆటిజం ఉన్న 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు 33 మందితో ఆ బృందం చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. స్నేహానికి సంబంధించిన మెళకువలు పిల్లలకు బాగా తెలిశాయని, తోటివారిని ఇంటికి పిలవడం పెరిగిందని, కలుపుగోలుతనం మెరుగుపడినట్టు తల్లిదండ్రులు చెప్పారని అందులో తేలింది. చివరి మాటను కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలని నా ఉద్దేశం, ఎందుకంటే ఆ తల్లిదండ్రులు కూడా అదే శిక్షణలో భాగస్వాములు. ఈ సమీక్ష రాస్తున్న నేనూ అదే స్థితిలో ఉన్నాను కనుక, నాకు అనిపించినదాన్ని పక్కనపెట్టి, కంటితో చూసినదాన్నే ఎక్కువగా రాయడానికి ప్రయత్నిస్తాను.

ఈ తరగతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది నాలుగో వారం పాఠం. అప్పటికే మాటల్లో మునిగి ఉన్న నలుగురైదుగురి దగ్గరికి వెళ్లి వాళ్లతో ఎలా మాట కలపాలి అన్నది విషయం. పెద్దవాళ్లం పిల్లలకు చెప్పే సలహా ఏమిటి? "వెళ్లి పలకరించు, భయమెందుకు, వాళ్లేమైనా తింటారా?" అంటాం. మేమూ వందసార్లు అలాగే అన్నాం. వాడూ ఒకటి రెండుసార్లు ధైర్యం చేసి, మాట్లాడుకుంటున్నవాళ్ల మధ్యకు నేరుగా వెళ్లి, తనకు తెలిసిన ఏదో సంగతి చెప్పాడు. వాళ్లు ఒక్క క్షణం ఆగి, వాడి వైపు చూసి, మళ్లీ తమ మాటల్లో పడ్డారు. ఇక ఆ తర్వాత వాడు ప్రయత్నించలేదు. మేం చెప్పిన సలహాయే తప్పని ఆ రోజు తెలిసింది.

తరగతి గదిలో ఇది నేర్పిన తీరును, తల్లిదండ్రులకు ఒకేఒక్కసారి కిటికీలోంచి చూసే అవకాశం ఇచ్చినప్పుడు నేను స్వయంగా చూశాను. ముందు ఇద్దరు శిక్షకులు తప్పుగా చేసి చూపించారు. ఒకాయన మాట్లాడుకుంటున్న ముగ్గురు పిల్లల మధ్యకు దూసుకువెళ్లి, సంబంధం లేని విషయం ఎత్తుకొని, గట్టిగా మాట్లాడసాగారు. అక్కడితో ఆపి, "ఆ ముగ్గురికీ ఇప్పుడు ఏమనిపించి ఉంటుంది? మళ్లీ ఈయన వస్తే రానిస్తారా?" అని మిగతావాళ్లను అడిగారు. ఎవరు తప్పు చేశారని కాకుండా ఎదుటివాళ్లకు ఏమనిపించి ఉంటుందని అడగడం వల్ల పిల్లలు తడుముకోకుండా జవాబు చెప్పారు. తర్వాత సరైన తీరు చూపించారు. కొంచెం దూరంలో నిలబడాలి, చేతిలో ఏదైనా పని పెట్టుకోవచ్చు, ఊరికే గుడ్లప్పగించి చూడకూడదు. వాళ్లు దేని గురించి మాట్లాడుకుంటున్నారో చెవిన వేసుకోవాలి. ఆ విషయం మనకు తెలియనిదైతే అక్కడే ఆగిపోవాలి. తెలిసినదైతే మెల్లగా ఒకడుగు దగ్గరికి జరిగి, మాటల మధ్య చిన్న విరామం వచ్చేదాకా కాచుకొని, ఆ విషయం గురించే ఒక మాట అనాలి లేదా ఒక ప్రశ్న అడగాలి. వాళ్లు మన వైపు తిరిగి చోటిస్తే ఉండాలి, భుజాలు అటు తిప్పుకుంటే చిన్నబుచ్చుకోకుండా తప్పుకోవాలి.

చిన్నదే అనిపించే ఈ పాఠం వెనుక బలమైన పరిశీలన ఉంది. మార్తా పుటల్లాజ్, జాన్ గాట్‌మన్ 1981లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రాథమిక పాఠశాల పిల్లలు ఆడుకుంటున్న తోటివాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఎలా ప్రవర్తిస్తారో చూశారు. తోటివారి ఆదరణ లేని పిల్లలు తమ గురించి చెప్పుకోవడం, ప్రశ్నలు వేయడం, అభ్యంతరం చెప్పడం ద్వారా గుంపు దృష్టిని తమ వైపు మళ్లించే ప్రయత్నం చేశారు, గుంపు వాళ్లను పట్టించుకోలేదు. తోటివారి ఆదరణ ఉన్న పిల్లలు అప్పటికే సాగుతున్న ఆటలోకి ఒదిగిపోయారు. అంటే చొరవ ఒక్కటే సరిపోదు, దాని కంటే ముందు వినడం రావాలి. మావాడికి వినడం వచ్చు. గుంపు అంచున కాసేపు నిలబడటం పిరికితనం కాదని, అది కూడా పనిలో ఒక భాగమేనని ఎవరో ఒకరు చెప్పవలసి ఉండింది. ఆ వారం ఇంటికి వస్తూ దారిలో, "అయితే నేను నిలబడటం వరకు సరిగ్గానే చేస్తున్నానన్నమాట, అమ్మా" అన్నాడు. ఆ మాటలోని ఊరటను నేను మరిచిపోలేను.

సంభాషణ పాఠం కూడా ఇదే తీరులో సాగింది. మావాడికి చదరంగం అంటే ప్రాణం. ఎవరైనా ఆ ఊసెత్తితే చాలు, ఎదుటివాళ్లకు ఆట నియమాలైనా తెలుసో లేదో చూసుకోకుండా ఎత్తుగడల గురించి చెబుతూనే ఉంటాడు. ఆరు నిమిషాలు ఆపకుండా చెప్పిన తర్వాత శిక్షకురాలు ఆపి, జతగా కూర్చున్న అబ్బాయిని "నువ్వేం చేస్తున్నావు?" అని అడిగితే, ఆ అబ్బాయి నిజాయితీగా "గోడ గడియారంలో ముల్లు తిరగడం చూస్తున్నాను" అన్నాడట. మావాడు చిన్నబుచ్చుకున్నాడు కానీ శిక్షకురాలు అక్కడ వదిలేయలేదు. ఒక చెక్క బిళ్ల ఇద్దరి మధ్య పెట్టి, ఒకరు ఒక సంగతి చెప్పి ఒక ప్రశ్న అడిగాక బిళ్లను ఎదుటివారి వైపు జరపాలని నియమం పెట్టారు. రెండు మూడు సార్లు బిళ్ల అటూ ఇటూ తిరిగేసరికి, ఆ అబ్బాయికి పజిళ్లు విప్పడం ఇష్టమని, ఇద్దరికీ కలిసే చోటు ఒకటుందని బయటపడింది. వరుసగా ప్రశ్నలే వేసుకుంటూ పోవడం కూడా తప్పేనని, అది సంభాషణ కాక విచారణ అవుతుందని ఆ రోజే చెప్పారు. ఇంట్లో మేం చేసేది సరిగ్గా అదే. "బడిలో ఏం జరిగింది, ఎవరితో మాట్లాడావు, ఏం చెప్పారు?" అని అడగడమే తప్ప, ఆ రోజు మా పనిలో ఏం జరిగిందో వాడికి ఎన్నడూ చెప్పింది లేదు.

ఇక్కడ తల్లిదండ్రుల గది గురించి చెప్పాలి. చేరినప్పుడు నేను దాన్ని వేచి ఉండే గది అనుకున్నాను. రెండో వారంలో ఒక అభ్యాసం చేయించారు: పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకొని, బయటి వ్యక్తి ఒకరు వచ్చి పిల్లల్నే పలకరించి ప్రశ్నలు అడుగుతారు, తల్లిదండ్రులు కేవలం వినాలి. అడిగిన ఐదు ప్రశ్నల్లో నాలుగింటికి నేనే జవాబు చెప్పాను. శిక్షకురాలు గడియారం పెట్టి చూశారు. ప్రశ్నకూ నా జవాబుకూ మధ్య రెండు సెకన్ల వ్యవధి కూడా లేదు. "వాడికి మాట రావడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలియదమ్మా, మీరు ఎప్పుడూ అంతసేపు ఆగలేదు" అన్నారామె. మనసులో పది లెక్కపెట్టమన్నారు. మొదటి వారాల్లో ఏడు దగ్గరే నా నోరు తెరుచుకునేది. పది దాటాక వాడి నోటి నుంచి వచ్చే మాట నేను చెప్పబోయిన మాట కాదని తెలిసినప్పుడు, ఇన్నేళ్లుగా వాడి తరఫున నేను చెప్పిన జవాబులెన్ని తప్పో అనిపించి బాధ కలిగింది. పిల్లల కోసం కట్టిన 14 వారాల్లో సగం పని మా కోసమే జరిగిందంటే అతిశయోక్తి కాదు. తల్లిదండ్రుల గది లేని తరగతిని నేను ఎవరికీ సిఫారసు చేయను.

అలాగని తల్లిదండ్రుల ముందు నేర్చుకున్నది తోటివాళ్ల ముందు నిలుస్తుందన్న భరోసా లేదు. టీనేజ్ పిల్లల విషయంలో తోటివాళ్ల సమక్షానికి ఉన్న శక్తి వేరు. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో 13–16 ఏళ్లవారు, 18–22 ఏళ్లవారు, 24 దాటినవారు మొత్తం 306 మంది పాల్గొన్నారు. వాళ్ల చేత కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించారు. తోటివాళ్లు పక్కన ఉన్నప్పుడు చిన్నవాళ్లు ప్రమాదానికి తెగించడం బాగా పెరిగింది, పెద్దవాళ్లలో ఆ ప్రభావం అంతగా కనబడలేదు. వెలివేతకు గురైన బాధ కూడా ఈ వయసులో ఎక్కువే. కిప్లింగ్ విలియమ్స్ రూపొందించిన కంప్యూటర్ బంతాట ఒకటుంది. అందులో మిగతా ఇద్దరు ఆటగాళ్లు కొంతసేపటికి మనకు బంతి వేయడం మానేస్తారు, అంతే. ఆ ఆటనే ఉపయోగించి సారా జేన్ బ్లేక్‌మోర్ తదితరులు 2010లో వెలువరించిన అధ్యయనంలో, ఆ చిన్న నిరాదరణకే టీనేజ్ పిల్లల మనసు పెద్దవాళ్ల కంటే ఎక్కువగా కుంగినట్టు తేలింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు తెర మీద బంతి వేయకపోతేనే అంత నొచ్చుకునే వయసులో, రోజూ చూసే తరగతిలో ఎవరూ పిలవకపోతే ఎలా ఉంటుందో పెద్దవాళ్లం ఊహించం. "ఇంతదానికే బాధపడతారా" అనే మాట మా ఇంట్లో ఆ తర్వాత వినబడలేదు. అందుకే శిక్షకుడు ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పే సలహాల కంటే, తొమ్మిదిమంది తోటివాళ్ల మధ్య తడబడుతూ చేసే అభ్యాసానికే ఎక్కువ ప్రయోజనం ఉంటుందని నేను నమ్ముతున్నాను.

అయితే ఆ గుంపే ఒక్కోసారి చెరుపు చేస్తుంది. మా విడతలో ఒక అబ్బాయి ఎదుటివాళ్లను ఎగతాళి చేయడంలో దిట్ట. మొదటి వారం ఒకరు నవ్వారు, మూడో వారానికి నలుగురు నవ్వారు, ఆ నవ్వు కోసమే అతను ఇంకాస్త పదునుగా అనడం మొదలుపెట్టాడు. మావాడు కూడా ఇంట్లో చెల్లెలి మీద ఆ మాటలు ప్రయోగించాడు. ఇబ్బంది పెట్టే ప్రవర్తన ఉన్న పిల్లల్ని ఒకచోట చేర్చి శిక్షణ ఇస్తే, ఒకరి మాటకు మరొకరు నవ్వడమే బహుమతిగా మారి కొందరిలో ఆ ప్రవర్తన పెరిగే ప్రమాదముందని డిషన్, మెక్‌కార్డ్, పూలాన్ 1999లోనే హెచ్చరించారు. ఈ రంగంలో పనిచేసేవారికి ఇది తెలిసి ఉండాలి. ఇక్కడి శిక్షకులు ఐదో వారంలో గానీ మేలుకోలేదు. మేలుకున్నాక మాత్రం చక్కగానే సరిదిద్దారు: ఆ అబ్బాయిని మందలించి బయట కూర్చోబెట్టకుండా, జంటలు మార్చి, ఎగతాళికి స్పందన లేకుండా చూసి, అతని చమత్కారాన్ని ఎవరినీ నొప్పించని చోటికి మళ్లించారు. రెండు వారాల ఆలస్యం నన్ను బాధించినా, ఆ పిల్లవాణ్ని వదులుకోనందుకు వారిని మెచ్చుకోవాలి.

ఆటపట్టించేవాళ్లను ఎదుర్కోవడం గురించి వాళ్లు నేర్పింది కూడా మేం అనుకున్నదానికి భిన్నమైనదే. పట్టించుకోవద్దనీ, పెద్దవాళ్లకు చెప్పమనీ కాకుండా, "అయితే ఏంటి?" "సరేలే" వంటి రెండు ముక్కలు, ఏమాత్రం చలించనట్టుగా అని పక్కకు వెళ్లడం నేర్పారు. బదులు తిట్టకూడదు, సంజాయిషీ ఇవ్వకూడదు. ఇది మాటల ఎగతాళికి మాత్రమే పనికొస్తుందని, చేయి చేసుకోవడం, వదంతులు పుట్టించడం, గుంపుగా వేధించడం ఉంటే అది పిల్లలు ఒంటరిగా మోయవలసిన భారం కాదని, బడి పెద్దలు కలగజేసుకోవాలని స్పష్టంగా చెప్పారు. ఈ గీత గీయడం చాలా అవసరం.

ఇక లోపాల సంగతి. అన్నిటికంటే బలహీనమైనది ఫోన్‌కు సంబంధించిన పాఠం. 14 వారాల్లో దానికి ఇచ్చింది ఒక్క వారం. అందులో సగం సమయం ఫోన్ చేసినప్పుడు ఎలా పరిచయం చేసుకోవాలి, ఎలా ముగించాలి అన్నదానికే పోయింది. ఈ పిల్లలు ఒకరికొకరు ఫోన్ చేసుకోవడం అరుదు. వాళ్ల స్నేహాల్లో సగం గ్రూపు చాట్‌లలో నడుస్తుంది. పెట్టిన సందేశాన్ని చూసి కూడా ఎవరూ బదులివ్వకపోతే ఏమనుకోవాలి, తనను చెప్పకుండా గ్రూపులోంచి తీసేస్తే మర్నాడు ముఖాముఖి ఎలా ఉండాలి, ఒకరితో నమ్మకంగా చెప్పిన మాట స్క్రీన్‌షాట్‌గా మరో పదిమందికి చేరితే ఏం చేయాలి? మావాడు నిజంగా తల్లడిల్లేది ఈ ప్రశ్నల గురించే. వీటికి అక్కడ దొరికిన జవాబు "ఫోన్ తగ్గించండి" అన్నదే. తగ్గించడంలో మేలు లేదనను. యాల్డా ఉల్స్ తదితరుల 2014 నాటి అధ్యయనంలో, తెరలేవీ లేకుండా ఐదు రోజులు ఆరుబయట శిబిరంలో గడిపిన 51 మంది పిల్లలు, మామూలుగా ఉన్న పిల్లల కంటే ఎదుటివారి ముఖకవళికల్లోని భావాలను పోల్చుకోవడంలో ఎక్కువ మెరుగుపడ్డారు. ఎదురెదురుగా గడిపే సమయానికి ప్రత్యామ్నాయం లేదన్నది నిజమే. కానీ రేపు ఎవరు ఎక్కడ కలుస్తున్నారో నిర్ణయమయ్యేది ఆ చాట్‌లోనే అయినప్పుడు, ఫోన్ లాగేసుకోవడమంటే పిల్లవాణ్ని కలయిక నుంచే తప్పించడం అవుతుంది. ఈ పాఠాన్ని మూడు వారాలకు పెంచి, పిల్లల చేతిలోని నిజమైన సందర్భాలతో మళ్లీ రాసుకోవాలని చివరి రోజు రాతపూర్వకంగా ఇచ్చాను.

రెండో అభ్యంతరం మౌనం గురించి. ఒక శిక్షకుడు ప్రతి వారం ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో బోర్డు మీద గీతలు గీసేవారు. ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ విడతలో ఉన్న ఇద్దరమ్మాయిల్లో ఒకరు స్వభావరీత్యా మితభాషి. ఆమె మాట్లాడిన ప్రతిసారీ అంతకు ముందు ఇతరులు అన్నదాన్ని గుర్తుపెట్టుకొని దానికి ముడిపెట్టి మాట్లాడేదని మావాడే చెప్పాడు. వినడమే పునాది అని నాలుగో వారంలో చెప్పినవారు, ఏడో వారంలో గీతలు తక్కువ ఉన్నాయని అదే అమ్మాయిని ఇంకా పుంజుకోవాలనడం నాకు మింగుడు పడలేదు. తక్కువ మాట్లాడటం ఒక స్వభావం. మాట్లాడాలని ఉండి మాట్లాడలేకపోవడం ఒక ఇబ్బంది. ఇక, ఎలా మాట్లాడాలో తెలియకపోవడం నేర్చుకుంటే తీరే కొరత. ఈ మూడింటినీ ఒకే గీతతో కొలిస్తే మొదటి రకం పిల్లలకు అన్యాయం జరుగుతుంది. తల్లిదండ్రులు కొందరం కలిసి చెప్పాక గీతలు ఆపారు.

ఆ ఇద్దరమ్మాయిల విషయంలో మరో ఇబ్బంది: 13 నుంచి 16 ఏళ్ల వరకు ఒకే గదిలో ఉండటం, అమ్మాయిలు ఇద్దరే కావడం వల్ల తమ ఈడువాళ్లతో అభ్యాసం చేసే అవకాశం వాళ్లకు దాదాపు దొరకలేదు. 13 ఏళ్ల పిల్లవాడి లోకం వేరు, 16 ఏళ్ల అమ్మాయి లోకం వేరు. పిల్లల సంఖ్య నిండలేదని వయసులు కలపడం కంటే విడతను వాయిదా వేయడమే మంచిది.

ఏడో వారం ఇంటిపని గురించి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తి కాదు. ఒక్కరిని, ఒక్కరినే, రెండు గంటలకు మించకుండా ఇంటికి పిలవాలి. ఏం చేయాలో వచ్చినవాళ్లే ఎంచుకోవాలి. తల్లిదండ్రులు కనుచూపు దూరంలో ఉండవచ్చు కానీ ఆ గదిలో ఉండకూడదు. గడియారం చూసిన ఆ అబ్బాయినే మావాడు పిలిచాడు. నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. మొదటి పావుగంట దాదాపు నిశ్శబ్దం. లేచి వెళ్లి ఏదో ఒక మాట అందించాలని మూడుసార్లు అనిపించింది, మూడుసార్లూ పది లెక్కపెట్టాను. ఆ తర్వాత "ఇది కాదురా, ఆ ముక్క అటు తిప్పు" అన్న మాట, దాని వెంటే ఇద్దరి నవ్వు వినబడ్డాయి. చదరంగం బల్ల ఆ రోజు బయటికి రాలేదు. వెళ్లేటప్పుడు గుమ్మం దాకా వెళ్లి సాగనంపాలని కూడా పాఠంలో ఉంది. మావాడు వీధి మలుపు దాకా వెళ్లి వచ్చాడు.

నాలుగు నెలల తర్వాత ఏం మిగిలింది? ఆ అబ్బాయితో స్నేహం నిలిచింది. బడిలో మరొకరితో రోజూ రెండు మాటలు నడుస్తున్నాయి, అది స్నేహం అవుతుందో లేదో ఇంకా తెలియదు. గుంపులో కలవడం రెండు మూడు సార్లు కుదిరింది, కుదరని రోజులు అంతకంటే ఎక్కువే. గ్రంథాలయానికి ఇప్పటికీ వెళ్తున్నాడు, కాకపోతే వారానికి ఐదు రోజులు కాదు. ఈ ఫలితం చిన్నదని కొందరికి అనిపించవచ్చు. ఒక్క నమ్మకమైన స్నేహం ఉన్నా తోటివారి వేధింపుల వల్ల కలిగే చెరుపు తగ్గుతుందని హాజెస్, బుకోవ్‌స్కీ తదితరులు 1999లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. మాకు ఆ ఒక్కటి దొరికింది కనుక నేను దీన్ని చిన్నది అనుకోవడం లేదు.

అయితే 14వ వారం ముగిశాక నిర్వాహకుల నుంచి ఒక్క పలకరింపు కూడా లేకపోవడం పెద్ద లోటు. మూడో నెలలో మావాడు మళ్లీ ముభావంగా మారి, నేర్చుకున్నదాన్ని కొన్ని వారాలు పక్కన పెట్టేశాడు. నెలకొకసారి పాత పిల్లలందరినీ ఒకచోట చేర్చి ఒక గంట గడిపించినా ఆ జారుబాటు ఆగేదని నా నమ్మకం. అడిగితే ఆలోచిస్తామన్నారు.

ఇలాంటి తరగతి కోసం చూస్తున్నవారికి పనికొచ్చే కొలబద్ద ఒకటుంది. జోసెఫ్ డర్లాక్ బృందం 2011లో, బడుల్లో నడిచిన 213 కార్యక్రమాలను, వాటిలోని 2,70,000 మందికి పైగా విద్యార్థుల వివరాలను కలిపి పరిశీలించింది. ఫలితమిచ్చిన కార్యక్రమాల్లో సాధారణంగా ఒకదాని మీద ఒకటి ఆధారపడుతూ మెట్లుగా సాగే పాఠాలు, పిల్లలు కూర్చొని వినడం కాక స్వయంగా చేసి చూసే అభ్యాసం, దీనికోసమే కేటాయించిన సమయం, ఏ నైపుణ్యం నేర్పుతున్నారో విడమరిచి చెప్పడం ఉన్నాయి. మేం ముందుగా చూసిన రెండు చోట్లా ఆత్మవిశ్వాసం గురించి ఉపన్యాసాలున్నాయి గానీ ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. ఇక్కడ నాలుగూ ఉన్నాయి. చేరే ముందు ఒక వారం పాఠ్యప్రణాళిక చూపించమని అడగండి. "మీ పిల్లలు ధైర్యంగా మాట్లాడతారు" వంటి మాటలే తప్ప, ఆ గంటన్నరలో పిల్లలు ఏం చేస్తారో చెప్పలేకపోతే అక్కడ చేర్చవద్దు.

స్నేహం చేయాలని మనసులో ఉండి దారి తెలియని పిల్లలకు ఈ తరగతిని నిస్సంకోచంగా సూచిస్తాను. ఇష్టం లేకుండా లాక్కొచ్చిన పిల్లలకు ఇది ఉపయోగపడదు. నలుగురిలోకి వెళ్లాలంటేనే చేతులు వణికి, కడుపులో తిప్పి, బడి మానేసే స్థాయిలో భయం ఉంటే ముందుగా మనస్తత్వ నిపుణులను కలవడం అవసరం, ఈ తరగతి ఆ చికిత్సకు బదులు కాదు. బడిలో వేధింపులకు గురవుతున్న పిల్లల్ని ఇక్కడికి పంపి సమస్య తీరిందనుకోవడం కూడా సరికాదు, ఎందుకంటే మారవలసింది వాళ్లు కాదు.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి ఫోన్ పాఠానికి, అర తరగతి ముగిశాక నిర్వాహకులు పలకరించకపోవడానికి. మా అమ్మాయికి వచ్చే ఏడాది 13 నిండుతాయి. ఆమె కలుపుగోలు మనిషే, కానీ స్నేహితుల మాటకు కాదనలేక తర్వాత బాధపడుతుంటుంది. కాదనడం నేర్పే పాఠం వీళ్ల పదకొండో వారంలో ఉంది. ఆ గదిలో ఆమె ఈడు అమ్మాయిలు కనీసం నలుగురైనా ఉంటారని చెబితే, తల్లిదండ్రుల గదిలో ఈసారి వాళ్ల నాన్న కూర్చుంటారు.